పదిహేడో నంబరు రాయి

రాళ్ళ గురించి చదువుకునే ఆ రోజుల్లో నాకు రాయి అంటే తెలిసిన అర్థం ఒకటే, బరువు. ఆ బరువు మోయలేక ఒక సాయంత్రం ఇరవై నాలుగు రాళ్ళను ధవళేశ్వరంలో మా ఇంటి దగ్గరి కాలువలో పారేశాను. వాటితోపాటు ఒక మనిషి ఉద్యోగం కూడా ఆ నీళ్ళలోకే పోయింది. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు, తప్పని అప్పుడే తెలుసు. ఇన్నేళ్ళూ ఈ సంగతి స్నేహితులకు నవ్వు పుట్టించేలా చెబుతూ వచ్చాను, రెండో సగం మింగేసి. ఈసారి మొత్తం చెబుతాను.

రాజమండ్రిలో డిగ్రీ చదివేటప్పుడు నేను జియాలజీ తీసుకున్నది రాళ్ళ మీద ప్రేమతో కాదు, మిగతా గ్రూపుల్లో సీట్లు నిండిపోయి. క్లాసులో ఎనిమిది మందిమి. మట్టి తప్ప మరొకటి ఎరగని డెల్టా పిల్లలం. అలాంటి మాకు మేష్టారు మొదటి రోజే చెప్పారు, "మీరు అగ్నిపర్వతం చూడ్డానికి ఎక్కడికో పోనక్కర్లేదర్రా. గోదారి దాటితే చాలు." నిజమే. కొవ్వూరు అవతల నల్లరాయి క్వారీలున్నాయి. ఆ నల్లరాయంతా కోట్ల సంవత్సరాల క్రితం పారి గడ్డకట్టిన లావా. ఒకసారి పారిన లావాకీ, మళ్ళీ పారిన లావాకీ మధ్య, బిస్కట్లో క్రీములాగా ఒక సన్నటి తెల్లటి పొర. అది సున్నపురాయి. అందులో సముద్రపు గుల్లలు. (ఈ వర్ణన ఇప్పుడు ఇంత బాగా చెప్పగలుగుతున్నాను గానీ, ఆ రోజు క్వారీలో మేష్టారు దీన్ని వివరిస్తున్నప్పుడు నేను లారీ నీడలో నిద్రపోతున్నాను.)

మా ల్యాబ్ అటెండరుని అందరం ప్లాస్టర్ బాబాయి అనేవాళ్ళం. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ప్లాస్టర్ చుట్ట ఉండేది. ప్రతి రాయికీ ఒక ముక్క పళ్ళతో కొరికి అంటించి, దాని మీద నంబరు వేసేవాడు. సుత్తి దెబ్బ తగిలిన పిల్లల వేళ్ళకూ అదే ప్లాస్టరు. రాయిని నాలికతో తాకి ఇదేమిటో చెప్పేవాడు. "ఎక్కడ దొరికిందో రాయకపోతే అది రాయేనండీ, శాంపిల్ కాదు" అనేది ఆయన మాట. పద్దెనిమిదేళ్ళుగా ఆయన పని ఏడాదికోసారి పొడిగించే పనే. ఆ సంవత్సరం మాత్రం మేష్టారు గట్టిగా పట్టుకున్నారు. యూనివర్సిటీ నుంచి తనిఖీకి వచ్చే పెద్దాయన మా మ్యూజియం చూసి మెచ్చుకుంటే, బాబాయిని పర్మనెంట్ చెయ్యమని ఆయన రిపోర్టులోనే రాయించాలని. ఆ క్వారీ ప్రయాణం దానికోసమే. ఈ సంగతి మా ఎనిమిది మందికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆ రోజు బాబాయి క్వారీ గోడ మీదికి పాకి, ఆ తెల్ల పొరలోంచి పిడికిలికి రెండింతలున్న రాయి ఒకటి ఊడదీసి, దిగేటప్పుడు జారి మోకాలు వాచగొట్టుకున్నాడు. అదే పదిహేడో నంబరు. మేష్టారు మోటారు సైకిల్ మీద ముందే వెళ్ళిపోయారు. మిగతా వాళ్ళు కొవ్వూరులో బస్సెక్కారు. మా ఇల్లు ధవళేశ్వరం కాబట్టి నేనూ బాబాయీ ఆటోలో బ్యారేజీ మీదుగా వచ్చాం. గోనెసంచి మా ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆటో అబ్బాయి దాన్ని ఎత్తి చూసి, "ఇందులో ఏముందండీ?" అన్నాడు.

"లావా," అన్నాడు బాబాయి గంభీరంగా.

"వేడిగా లేదే!"

"చల్లారిందిలేవయ్యా, పోనీ."

దిగేటప్పుడు బాబాయి కుంటుతున్నాడు. కాలేజీ ఎలాగూ మూసేసి ఉంటుంది. "మీరు ఇంటికెళ్ళండి బాబాయ్ గారూ, సంచి నేను పొద్దున్నే తెస్తాగా," అన్నాను. అంత మంచితనం నా నోట్లోంచి రావడం చూసి నేనే మురిసిపోయాను. ఆయన నా భుజం తట్టి, "జాగ్రత్త బాబూ, పదిహేడో నంబరు పైనే ఉంది" అన్నాడు.

బస్టాపు నుంచి మా ఇంటికి కాలువగట్టు మీద నడక. రేవు దగ్గరికొచ్చేసరికి భుజం ఒరుసుకుపోయింది. అక్కడ రోడ్డు పని జరుగుతోంది, గట్టు పక్కన తారు డబ్బాలు, నల్ల కంకర గుట్ట. అది చూడగానే నా బుర్ర ఎన్నడూ లేనంత చురుగ్గా పనిచేసింది. ఈ కంకరా ఆ క్వారీదే కదా! అదే లావా. మరి నేను రెండు మైళ్ళు లావాని మోసుకెళ్ళడం దేనికి? రేవు మెట్ల మీద కూర్చుని, కాగితాలు విప్పి, ప్లాస్టర్లు ఊడదీసి, రాళ్ళను ఒక్కొక్కటే నీళ్ళలో వేశాను. ఒకటి తెల్లగా ఉంది. ఏదో సున్నపు గడ్డ అనుకున్నాను. పొద్దున్న కాలేజీకి వెళ్ళే దారిలో ఆ గుట్టలోంచే చిన్న చిన్న కంకర రాళ్ళు ఇరవై నాలుగు ఏరి, ఇంటినుంచి తెచ్చుకున్న చద్దన్నం మెతుకులతో ఆ నంబర్ల ప్లాస్టర్లే అంటించి, పాత కాగితాల్లో చుట్టాను. చేతికి తారు అంటుకుంటే గుట్ట దగ్గరున్న కూలీలను అడిగి కిరసనాయిలుతో తుడుచుకున్నాను.

బాబాయి సంచి అందుకుని, "తేలికైందేంటి?" అన్నాడు. విప్పబోతుంటే మేష్టారు ఆపేశారు, "పెద్దాయన ముందే విప్పుదామయ్యా, అందం!" అని. ఆ పెద్దాయన వచ్చారు. బాబాయి ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, ఒక్కో పొట్లం విప్పి బల్ల మీద పెడుతూ పోయాడు. మూడో రాయికి ఆయన చెయ్యి నెమ్మదించింది. పెద్దాయన రిజిస్టరు చూసి, సరాసరి పదిహేడు అడిగారు. విప్పారు. తిప్పి చూశారు. వాసన చూశారు.

"గుల్లలున్న సున్నపురాయి అని రాశారండీ ఇక్కడ. నేను చాలా దేశాల లావా చూశాను గానీ, తారు పోసుకున్న లావాని ఇదే చూడ్డం."

అందరం నవ్వాం. అందరికంటే ముందు నవ్వింది నేనే. సరిగ్గా అప్పుడే ప్లాస్టరు ఊడి, ఒక మెతుకు బల్ల మీద పడింది.

మేష్టారి మొహం నల్లబడింది. "ఏంటయ్యా ఇది?" అన్నారు. బాబాయి నావైపు చూశాడు. నేను గోడ మీది పటం చూస్తున్నాను, దాంట్లో ఏముందో ఈనాటికీ చెప్పగలను. చాలాసేపయ్యాక బాబాయి, "శాంపిళ్ళు నా బాధ్యతండీ. పొరపాటు నాదే," అన్నాడు. జూన్లో ఆయన పని పొడిగించలేదు. అంతే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. పిల్లలకు దెబ్బ తగిలితే ప్లాస్టరు మాత్రం దొరకడం మానేసింది.

నేను పాసయ్యాను. (పదిహేడో నంబరు లాంటి రాయి గురించే ప్రశ్న వస్తే బాగానే రాశాను కూడా.) ఏదో పరీక్ష రాసి, కాలువల ఆఫీసులో గుమాస్తానయ్యాను. ఎనిమిదేళ్ళ తరవాత ఒక పెళ్ళికి వెళ్తే, కల్యాణ మండపం గేటు దగ్గర బళ్ళు ఎక్కడ పెట్టాలో చూపిస్తున్న మనిషి కుంటుతున్నాడు. జేబులో ప్లాస్టర్ చుట్ట లేదు, విజిల్ ఉంది. లోపలికెళ్ళి భోజనం చెయ్యలేకపోయాను.

"బాబాయ్ గారూ, ఆ రాళ్ళు..." అన్నాను.

ఆయన విజిల్ నోట్లోంచి తీశాడు. "కాలవలోనా, గోదాట్లోనా?"

"కాలవలోనండి."

"ఏ రేవు?"

చెప్పాను. ఆయన తల ఊపాడు. "నాకు ఆ పూటే తెలుసు బాబూ. నీ చేతులు కిరసనాయిలు కంపు. మెతుకులింకా ఆరలేదు."

"మరి అక్కడే చెప్పలేదేంటండీ?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను," అన్నాడు, లోపలికొస్తున్న కారుకి చెయ్యి చూపిస్తూ. "చాలాసేపే చూశాను."

మర్నాడు సెలవు పెట్టి కాలేజీకి వెళ్ళి, జరిగిందంతా రాసి సంతకం చేసిచ్చాను. మేష్టారు రిటైరైపోయారు. ఆయన స్థానంలో ఉన్న మేడమ్ రెండుసార్లు చదివి, "ఇప్పుడిది ఏ ఫైల్లో పెట్టమంటారండీ?" అని అడిగారు. ఆవిడ తప్పేం లేదు. పోనీ, రాయైనా తెచ్చిద్దామని క్వారీకి వెళ్ళాను. తవ్వీ తవ్వీ వదిలేసిన గొయ్యి నిండా పచ్చటి నీళ్ళు. తెల్ల పొర వాటి అడుగున ఎక్కడో ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేస్తారు కదా! ఎప్పుడు కడతారో అందరికంటే ముందు తెలిసే ఉద్యోగం నాది. నీళ్ళు దిగగానే బాబాయిని ఆటోలో తీసుకొచ్చి, గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి, గొడుగిచ్చి కూర్చోబెట్టాను. నేను మోకాలి లోతు బురదలో దిగి, ఒక్కో రాయీ కడిగి పైకి అందించాను. ఆయన నాలికతో తాకి తీర్పు చెప్పేవాడు. "ఇటుక." "ఇదీ ఇటుకే." "ఇది ఎవరిదో పిడత ముక్కయ్యా, నన్ను చంపుతావా?" మా ఆఫీసు వాళ్ళు ఆగి చూసి వెళ్ళేవారు. మొదటి వేసవిలో ఐదు నల్లరాళ్ళు దొరికాయి, రెండో వేసవిలో మూడు. పదిహేడు మాత్రం లేదు.

మూడో వేసవిలో, రేవు మెట్ల మీద గట్టు మీదింటి ఆవిడ కాళ్ళు రుద్దుకుంటోంది, నీళ్ళు దిగిపోయినా మడుగులో మిగిలినదాంతోనే. ఆవిడ చేతిలోది తెల్లగా ఉంది.

"అమ్మా, ఆ రాయి ఒక్కసారిస్తారా?"

"ఇదేంటండీ, నా కాళ్ళు రుద్దుకునే రాయి! ఆరేళ్ళ బట్టి ఉంది. ఇలాంటి గరుకు రాయి బజార్లో దొరకదు తెలుసా?"

దొరకదని నాకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? అప్పటికప్పుడు బజారుకు పరుగెత్తి, రెండు కొత్త కాలిరాళ్ళు తెచ్చిచ్చి ఒప్పించాను. బాబాయి దాన్ని నాలికతో తాకబోయి, ఆవిడ మడమలు చూసి మానేశాడు. అక్కర్లేకపోయింది కూడా. అన్నేళ్ళ రుద్దుడుకి పైమన్ను పోయి, గుల్లలు ఒక్కొక్కటీ గీత గీతగా బయటికొచ్చి కనిపిస్తున్నాయి.

ఇద్దరం కాలేజీకి తీసుకెళ్ళాం. మేడమ్ పాత రిజిస్టరు వెతికించి తెప్పించారు. 'సేకరించినవారు' అన్న చోట రాయడానికి బాబాయి అసలు పేరు అడగాల్సొచ్చింది. నాకు అప్పటిదాకా తెలియదు. దాని పక్కన, వివరాల గడిలో, 'కాలువలో పారేసినవాడు' అని రాసి నా పేరు పూర్తిగా రాశాను. బాబాయి అది చదువుకున్నాడు. సాయంత్రం పెళ్ళి ఉంది, గేటు దగ్గరికి తొందరగా వెళ్ళాలి ఆయన. వస్తూ దారిలో నేను కొన్న ప్లాస్టర్ చుట్ట అందుకుని, ఒక ముక్క పళ్ళతో కొరికి, రాయికి అంటించి, బొటనవేలితో గట్టిగా అదిమాడు.

"ఈసారి మెతుకులక్కర్లేదులే," అన్నాడు.