లండన్ నటికి మాట అందించిన వేళ

2008 ప్రాంతంలో మేము టెక్సాస్‌లోని కాపెల్‌లో ఉండేవాళ్లం. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక, దగ్గర్లోని చిన్న థియేటర్‌లో వాలంటీర్‌గా చేరాను. నటులు డైలాగు మరిచిపోతే తెర పక్కనుంచి ప్రాంప్టింగ్ చెప్పడం నా పని.

ఒక నాటకంలో ప్రధాన పాత్రకు లండన్ నుంచి ఒకావిడ వచ్చింది. చిన్నతనంలోనే స్టేజీ ఎక్కి, సినిమాల్లోనూ పేరు తెచ్చుకున్న నటి. డెబ్బై దాటాయి. నన్ను చూస్తూనే, "నాకు ప్రాంప్టర్ అక్కర్లేదు" అని మొహం తిప్పుకుంది.

మొదటి ప్రదర్శనలో నడి సీనులో ఆగిపోయింది. మెల్లగా మాట అందించాను. అందుకుని సీను పూర్తిచేసింది. హాలంతా చప్పట్లు. లోపలికి రాగానే నా చేతిలోని స్క్రిప్టు లాక్కుని నేలకేసి కొట్టింది.

"అది నేను కావాలని ఇచ్చిన పాజ్! నటనంటే నీకేం తెలుసు? ముందు ఇంగ్లిష్ నేర్చుకో!"

ఆ రాత్రి ఇంటికొచ్చి జరిగింది చెప్పాను.

"రేపు వెళ్లకు, క్విట్ చేసెయ్" అన్నారు మావారు.

"మానేస్తే ఆవిడ అన్నదే నిజమనుకుంటారండీ" అని వెళ్లాను.

మర్నాడు మళ్లీ అక్కడే ఆగింది. పాజేమోనని నోరు మూసుకున్నాను. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. ఆ కళ్లనిండా భయం. వెంటనే మాట అందించాను.

నాటకమయ్యాక థాంక్స్ చెబుతుందేమో అనుకున్నాను. "ఆలస్యం చేశావ్" అని విసుక్కుని వెళ్లిపోయింది.

ఆవిడంటే నాకు ఇప్పటికీ కోపమే. కానీ నిండు హాలు ముందు మాట రాక నిలబడ్డ మనిషిని, ఎంత గిట్టకపోయినా, అలా వదిలేయడం నావల్ల కాలేదు.