ఆడపడుచు చెయ్యి పడని గుమ్మం

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో మోస్తున్నాను. బిడ్డనైతే నెలలు నిండగానే దించుకుంటాం. దీన్ని ఎక్కడ దించాలో తెలియక రోజూ దాటుకుంటూ తిరుగుతున్నాను. దాటుకుంటూ అని ఊరికే అనలేదు. నా తప్పు మా ఇంటి వీధిగుమ్మం దగ్గర జరిగింది. నీళ్ళకి వెళ్ళాలన్నా, ఎండబెట్టిన చేపలు తిరగెయ్యాలన్నా ఆ గడప దాటాల్సిందే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు అడగొద్దు. మాది సముద్రం ఒడ్డు పల్లె. మా ఆయన వేటకి వెళ్తాడు. ఇక్కడ తెలిసినవాళ్ళకి ఒక మాట చెబితే పొద్దు గూకేలోగా ఊరంతా పాకిపోతుంది.

ఇంటికి కిటికీలు మార్చాలని పట్టుబట్టింది నేనే. ఉప్పుగాలికి ఇనుప ఊచలు పొరలు పొరలుగా రాలిపోయేవి. వీధిగుమ్మం కిందనుంచి చెద పట్టింది. పండక్కి పసుపు రాస్తే పసుపుతోపాటు చెక్క కూడా చేతికొచ్చేసేది. సరే, ఎలాగూ పని పెట్టుకున్నాం కదా, ద్వారబంధం కూడా మార్చేద్దామన్నాడు ఆయన. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. కట్టిన ఇంటికి కిటికీలు మార్చి చూడమని ఎవరూ ఎందుకనలేదో! అల్యూమినియం కిటికీలవాడు కొలతలు తీసుకుని వెళ్ళాడు. తెచ్చి పెడితే కంతకి పొట్టి. సందుల్లో సిమెంటు కుక్కేసి, ఏటీ కాదమ్మా, అని నవ్వాడు. మళ్ళీ చేయించి తెమ్మంటే వాటిని ఊడదీసుకుపోయి ఫోనెత్తడం మానేశాడు. కిటికీల్లేని ఇంట్లో అన్నం నిండా ఇసుక, ఎండుచేపల చుట్టూ పిల్లులు. ద్వారబంధం చేస్తున్న కోటబొమ్మాళి వడ్రంగి రేపంటాడు, ఎల్లుండంటాడు. ఆ రోజుల్లో నా నోటికి హద్దుండేది కాదు. నేను చేసినదానికి ఆ చిరాకు ఒక సాకా? కాదు. సాకు వెతుక్కోవడం కూడా నాకు అలవాటైపోయింది.

అసలు సంగతి మా వదిన. ఆయన అక్క. ఆయనకున్నది ఆవిడొక్కతే. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. పక్క మండలంలో ఉంటుంది, చేపల బేరం చేస్తుంది. మాలో ద్వారబంధం ఎత్తుతున్నామంటే ఆడపడుచు రావాలి. గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, పైన నవధాన్యాల మూట కట్టేది ఆవిడే. ఎంత దూరాన కాపరం చేస్తున్నా, పుట్టింటి గుమ్మం మీద ఆడపిల్లకుండే హక్కు అది.

నా భయం కూడా ఆ గుమ్మం దగ్గరే మొదలైంది. నేను కొత్తకోడలిగా వచ్చిన రోజు వదిన గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. పేర్లు చెబితేగాని లోపలికి రానివ్వనంది. ఒకరి పేరొకరం చెప్పాం. ఆడపిల్ల పుడితే తన కొడుక్కి ఇస్తామని మాటిస్తేగాని కదలనంది. అందరూ నవ్వుతున్నారు. ఆయన ఇస్తానన్నాడు. నేనూ తలూపాను. మిట్టమధ్యాహ్నం ఎండలో అరికాళ్ళు కాలుతుంటే ఏ పెళ్ళికూతురు ఊపదు?

అదొక వేడుక. అందరిళ్ళలోనూ జరిగేదే. కానీ మాకు నిజంగానే ఆడపిల్ల పుట్టింది, వదిన నిజంగానే ఆ మాట పట్టుకుంది. ఎప్పుడొచ్చినా దాన్ని “నా కోడలు” అనే పిలిచేది. మా పిల్ల బాగా చదివేది. శ్రీకాకుళంలో నర్సింగులో చేరింది. ఒకరోజు నా పక్కన కూర్చుని, బావని చేసుకోనమ్మా, నాన్నతో నువ్వే చెప్పు, అంది. చెబుతానన్నాను. ఎలా చెప్పను? అక్క అడిగితే ఆయన కాదనడు. కొత్త గుమ్మం ఎత్తే రోజున చుట్టాలందరి ముందూ ఆవిడ మళ్ళీ చేతులు చాపి నిలబడుతుంది, ఈసారి ముహూర్తం కూడా పెట్టించుకునే కదులుతుంది. ఇదే నా తలలో తిరిగేది. నోరు తెరిచి, వదినా, పిల్లకి ఇష్టం లేదు, అని ఒక్క మాట అంటే సరిపోయేదా? ఏమో. అని చూడలేదు కదా.

గుమ్మం ఎత్తడానికి ముహూర్తం ఒక బుధవారానికి పెట్టారు. వదినకి ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. ఆ తర్వాత వడ్రంగి, తనకి బొబ్బిలిలో పెద్ద పని తగిలిందని, ఆ బుధవారం రాలేనని, పెడితే ముందే పెట్టించుకోమని అన్నాడు. పంతులుగారు దానికి ముందొచ్చే శుక్రవారం మంచిదన్నారు. ఆయన వేటకి బయల్దేరుతూ అక్కకి కబురు చెప్పమని నాకు పురమాయించాడు.

నేను చెప్పలేదు. మరిచిపోలేదు, చెప్పలేదు. ఫోన్ చేతిలోనే ఉంది. తెల్లారి ఆయన వచ్చి అడిగితే, చెప్పానన్నాను. ఏమందని అడిగాడు. రానంది అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. “నీ గుమ్మం కోసం నా బేరం మానుకుంటానేటి అన్నాది” అని ఒక ముక్క అతికించాను. ఆయన మొహం చూస్తూ అతికించాను. ఆయన వల పక్కన పడేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. ఫోన్ చేసి తిట్టొచ్చు కదా? చెయ్యలేదు. పంతం. పంతంలో అక్కాతమ్ముళ్ళు ఒకరికొకరు తీసిపోరు. నా అబద్ధం ఆ పంతం మీదే ఇన్నేళ్ళు బతికింది.

శుక్రవారం గుమ్మం ఎత్తాం. వరసకి ఆడపడుచయ్యే ఒక పిల్ల చేత పసుపు రాయించాం. ఆయన పక్కకి తిరిగి నిలబడ్డాడు.

బుధవారం పొద్దున వదిన ఆటో దిగింది. చేతిలో బుట్ట. బుట్టలో పసుపు, కుంకుమ, కొత్త గుడ్డలో కట్టిన నవధాన్యాలు. గుమ్మం చూసి వీధిలోనే ఆగిపోయింది.

“గుమ్మం ఎత్తీసినారేటే?”

“మేస్త్రి ఆగనన్నాడొదినా. ముందుకి జరిపీసినాం.”

“మరి నాకు సెప్పలేదేటి?”

ఇక్కడ కూడా దారి ఉంది. నేనే మరిచిపోయాను వదినా అంటే తిట్టేది, జుట్టు పట్టుకునేది, తర్వాత లోపలికొచ్చి టీ తాగేది. నేను అన్నదిది:

“నీ తమ్ముడే సెప్పొద్దన్నాడు. పిల్ల మాట ఎత్తుతావని.”

ఆవిడ బుట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“ఆడన్నాడా ఆ మాట? ఆ మాట కోసమే వచ్చినానే నాను. పిల్ల సదువుకుంతన్నాది, దాని బతుకు దాన్ని బతకనీండి. పాత గుమ్మం కాడ అన్న మాట పాత గుమ్మంతోటే పోయిందని అందరి ముందూ సెప్పీసి, నా సేత్తో పసుపు రాసి ఎల్దామనుకున్నాను.” లోపలికి చూసింది. “ఉన్నాడేటి?”

“తొంగున్నాడు. నువ్వొస్తే లేపొద్దన్నాడు.”

ఇదెందుకన్నాను? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నది ఇదొక్కటే. నా భయం అప్పటికే తీరిపోయింది. పిల్ల బయటపడింది. ఆయన్ని లేపితే చాలు, అక్కాతమ్ముళ్ళిద్దరూ ఏడ్చి కలిసిపోయేవాళ్ళు. కానీ లేపితే నా మొదటి అబద్ధం బయటపడుతుంది. నా మొహం కాపాడుకోవడానికి నేను ఆవిడ పుట్టింటి తలుపు మూసేశాను. నిజానికి ఆ తలుపు బార్లా తెరిచే ఉంది.

వదిన బుట్ట గడప అవతలే దించింది. లోపల అడుగు పెట్టలేదు. “నాను ఇంకీ గుమ్మం తొక్కనని సెప్పు ఆడికి,” అని తిరిగి ఆటో ఎక్కింది. రానందని నేను కల్పించిన మాట ఆవిడ నోట అప్పుడు నిజమైపోయింది.

వీధిలోవాళ్ళంతా తీరాన చేపల దగ్గరున్నారు, ఆవిడ రావడం ఎవరూ చూడలేదు. ఆయన లేచి ఎవరొచ్చారని అడిగితే, ఎవరూ కాదన్నాను. ధాన్యాలు కోళ్ళకి చల్లాను. పసుపు కూరలో వాడేశాను. చూశారా, నేను ఎలాంటిదాన్నో?

తర్వాత ఆవిడ కొడుకు పెళ్ళైంది. శుభలేఖ ఎవరి చేతో పంపింది. ఆయన వెళ్ళలేదు. మా పిల్ల ఉద్యోగంలో చేరింది. అత్త ఎందుకు రాదమ్మా అని అడగడం ఈమధ్యే మానేసింది. వానాకాలం వస్తే చాలు, ఆ తలుపు ఉబ్బి పట్టేస్తుంది. భుజంతో తొయ్యాలి. ఆయన ఏటేటా చిత్రిక పట్టుకుని చెక్కుతూ, అక్క సెయ్యి పడలేదు, అందుకే ఇలాగేడుస్తన్నాది, అంటాడు. తడిస్తే ఏ చెక్కైనా ఉబ్బుతుందని నేను కసురుతాను. ఆ వడ్రంగి మీద కోపం, పచ్చి చెక్క పెట్టాడని. ఆయన మీద కోపం, ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇంత జరిగేదా అని. వదిన మీద కూడా కోపమే, గడప దాటి లోపలికొచ్చి తమ్ముణ్ణి లేపుకోవచ్చు కదా అని. ఎవరి మీద పడాల్సిన కోపమో తెలిసే ఊళ్ళో అందరి మీదా పడుతున్నాను.

ఈ పూట వాన పడుతోంది. ఆయన తీరాన పడవ దగ్గరున్నాడు. తలుపు సగంలో పట్టేసింది, నేను దాన్ని తొయ్యలేదు. గడప మీద కూర్చోకూడదంటారు. కూర్చునే ఇది రాస్తున్నాను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. మీకు నేనేం చేశాను, క్షమించడానికి? ఆయనకి చెబుతానని మాట కూడా ఇవ్వను. ఈ గుమ్మం దగ్గర ఇచ్చిన మాటలు చాలు. కానీ ఇన్నేళ్ళలో ఎవరూ లేనప్పుడైనా పైకి అనలేకపోయిన మాట ఒకటుంది. అది ఇవాళ నా చేత్తో రాసి, ఒకసారి చదువుకున్నాను. గుండెలో ఏదో కాస్త సడలింది.

మీ అక్క రాననలేదు. నేనే పిలవలేదు.