నీళ్ళు పారబోసే చదువు

ఆ రోజుల్లో మా శివారు ఊళ్ళల్లో నీటి రుచి చూడకుండా ఎవరూ పొలానికి పెట్టేవారు కాదు. కాలవ చిట్టచివర, సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్ళం. పైనుంచి గోదారి నీళ్ళు తగ్గితే కిందనుంచి ఉప్పునీళ్ళు ఎగదన్నేవి. అందుకని చేనుకి నీళ్ళొచ్చే బోదె దగ్గర వంగి, వేలు ముంచి, నాలుక చివర పెట్టుకుని, ఉమ్మేసి, అప్పుడు గండి తెరిచేవాళ్ళం. కాపురానికొచ్చిన ఏడాదే నాకా అలవాటు పట్టుబడింది. బడి చదువు మూడో తరగతితో ఆగినా ఈ నాలుక చదువు ఆగలేదని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వమే నన్ను పరాయి దేశంలో మంచం ఎక్కించింది.

అప్పటికి నాకు మనవలు లేరు, తల కూడా పెద్దగా నెరవలేదు. మా ఎకరం చేను మూడేళ్ళుగా ఉప్పు తేలి తెల్లగా పొక్కులు కట్టి, ఊడ్చిన నారు ఊడ్చినట్టే ఎర్రబడి చచ్చిపోతోంది. చుట్టూ అందరూ రొయ్యల చెరువులు తవ్వించేశారు. మనమూ తవ్విద్దామని మా మరిది పట్టు. తవ్వితే ఆ నేల మళ్ళీ వరి మొహం చూడదని నా భయం. సరిగ్గా అప్పుడే ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు, వాతావరణం మారి సముద్రం పైకొస్తే డెల్టాలు ఏమవుతాయో చదువుకోవడానికని రాజమహేంద్రవరం కాలేజీ పిల్లల్ని వియత్నాం తీసుకెళ్తూ, రైతుల్లోంచి ఒకరు కావాలని మా పొదుపు సంఘాన్ని అడిగారు. ఉప్పు నేలలో పండే వరిని అక్కడ చూపిస్తారట. ఆ మాట వినగానే చెయ్యెత్తేశాను.

“వదినగారు పైచదువులకి విదేశాలు వెళ్తున్నారండోయ్! పలకా బలపం సర్దుకున్నారా?” అన్నాడు మా మరిది నలుగురిలో.

“నేనొచ్చేదాకా చేలో పార పడకూడదు. దారి దొరక్కపోతే అప్పుడు నీ ఇష్టమే” అన్నాను.

విమానంలో భోజనంతోపాటు ఇచ్చిన పంచదార, ఉప్పు పొట్లాలు ఎవరూ ముట్టుకోలేదు. అన్నీ ఏరి సంచిలో వేసుకున్నాను. (పారేసేవే కదా. పిల్లలు నవ్వితే నవ్వారు.) మెడలో వేసిన కార్డు మీద ఏం రాసిందని పక్క సీటులోని పొట్టి జడ పిల్లని అడిగితే, “మాస్టారు కానివాళ్ళందరికీ ‘విద్యార్థి’ అనే రాశారండి పిన్నిగారూ” అంది. నలభై దాటాక మళ్ళీ బడిలో పడ్డానన్నమాట.

మర్నాడు పొద్దున్న ప్రయోగశాలకి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం ఆ ఉప్పు నేల వరి పొలానికి ప్రయాణం; అది చూపించేది ఆ ఒక్కపూటే. బల్ల మీద గాజు గ్లాసుల్లో రకరకాల కాలవల నీళ్ళు వరసగా పెట్టి, ఒక తెల్లకోటాయన వాటిలో ఉప్పు కొలిచే మీటరు ముంచి అంకెలు చెబుతున్నాడు. పిల్లలు రాసుకుంటున్నారు. నాకు అంకెలతో ఏం పని? ఏ గ్లాసు నీళ్ళు మా చేను నీళ్ళలా ఉన్నాయో తెలియాలి. అందరూ అటు తిరిగినప్పుడు మొదటి గ్లాసులో వేలు పెట్టి నాలుకకి రాసుకున్నాను. వానాకాలం సార్వా పంట నాటి మా కాలవే. రెండోది సంక్రాంతి దాటాక వచ్చే నీరు. మూడోది అచ్చంగా మా చేను! ఆ సంబరంలో నాలుగోదీ ముట్టుకున్నాను. అది మీటరు కడిగే మందట.

నాలుక భగ్గుమంది. అద్దంలా మెరుస్తున్న ఆ నేల మీద ఉమ్మడానికి మనసొప్పక చీర చెంగులోనే ఉమ్మాను. తెల్లకోటాయన కేక పెట్టాడు. మాతో వచ్చిన కళ్ళజోడు మాస్టారు పరుగెత్తుకొచ్చారు.

“అయ్యో, ఏం తాగారండీ?”

“తాగలేదండి. రుచి చూశానండి.”

డాక్టరు వచ్చి నోరు కడిగించి, భయం లేదు గానీ సాయంత్రం దాకా కదలకూడదన్నాడు. కిటికీలోంచి చూస్తుండగానే పొలానికి బస్సు వెళ్ళిపోయింది. నేను దేనికోసం అంతదూరం వచ్చానో అది నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. పొట్టి జడ పిల్ల నాకు తోడు ఉండిపోయింది. పరాయి పిల్ల ముందు ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను.

గంజి తెచ్చిన వంటావిడకి నా వయసే ఉంటుంది. మడమల నిండా బురద పగుళ్ళు; ఆవిడా పొలం మనిషేనని చూడగానే తెలిసింది. భాష లేదు. నా సంచిలోంచి ఉప్పు పొట్లం తీసి చూపించి, నేల చూపించి, నాటుతున్నట్టు వంగి, చచ్చిపోయినట్టు వేళ్ళు వాల్చేశాను. ఆవిడ తలాడించింది. పూలకుండీలోంచి మట్టి తీసి పళ్ళెంలో పరిచి, నా ఉప్పు పొట్లాలన్నీ చింపి అందులో కలిపింది. (అన్నీ! నా ప్రాణం గిలగిల్లాడింది.) నీళ్ళు పోసి, కొంతసేపు ఆగి, వంచేసింది. మట్టి కాస్త వేలికి తీసి నా నోటి ముందు పెట్టింది.

“వద్దు పిన్నిగారూ! మళ్ళీ నోట్లో పెట్టకండి!” పిల్ల లబలబలాడింది.

పెట్టాను. ఉప్పే. మళ్ళీ పోసి వంచింది. ఉప్పు తగ్గింది. మూడోసారికి నాలుకకి మట్టి రుచే తగిలింది. ఆవిడ కిటికీలోంచి ఆకాశం చూపించి, వాన కురుస్తున్నట్టు వేళ్ళాడించి, పళ్ళెం వంచి చూపించింది. వాన నీరు నిలవగట్టు, వదిలెయ్యి, మళ్ళీ నిలవగట్టు, ఆ తరవాతే నారు ఊడ్చు.

ఇంటికొచ్చాక ఆ ఏడు తొలి వానలకి చేను నిండగానే నిలవగట్టాను. నాలుగు రోజులాగి గట్టు తెంచాను. తరవాతి వానకి మళ్ళీ కట్టి, మళ్ళీ తెంచాను.

“నీళ్ళ కోసం కొట్టుకు చచ్చే ఊళ్ళో వాన నీళ్ళు పారబోస్తున్నారా? ఇదేనా మీ పైచదువు?” అన్నాడు మా మరిది గట్టు మీద నిలబడి.

“ఇదే” అన్నాను. బియ్యం కడిగిన నీళ్ళు కూడా పాదులకి పోసేదాన్ని. ఆ గట్టు తెంచడం నాకెంత కష్టమో వాడికేం తెలుసు!

పంట గొప్పగా ఏం రాలేదు. కానీ నారు చావలేదు. కోతల రోజున మా మరిది ఒక గింజ కొరికి, చాలాసేపు నమిలి, “సరే, ఈ ఏడుకి ఆగుదాం లెండి” అన్నాడు. ఆ ‘ఈ ఏడుకి’ ఇప్పటికీ నడుస్తోంది. వానలే మునుపటిలా లేవు. ఆలస్యంగా వచ్చి ఒక్కసారే కుమ్మరిస్తున్నాయి. రెండుసార్లు వదిలేది ఇప్పుడు మూడుసార్లు వదలాల్సి వస్తోంది. మనవరాలు మీటరు కొనిపెట్టింది. అది పెట్టెలో, నా విద్యార్థి కార్డు పక్కనే భద్రంగా ఉంది. నేను మాత్రం గండి దగ్గర వంగి, వేలు ముంచి, నాలుకకి పెట్టుకునే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను, తెల్లకోటు వేసుకున్నవాళ్ళెవరైనా ఉన్నారేమోనని.