పాల కవర్లలో మిరపనారు

ముక్కూమొహం తెలియని వాళ్ల తలుపు తట్టడమంటే నాకు భయం. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా "బిడియం" అని రాసుకుని సరిపెట్టుకున్నాను.

అక్కకు మాదాపూర్‌లో కంప్యూటర్ ఆఫీసు ఉద్యోగం వస్తే తోడుగా నేనూ కర్నూలు నుంచి వచ్చాను. ఆమె ఆఫీసుకు వెళ్లాక నాకు లైబ్రరీ పుస్తకాలు, మేడ. ఊరి ఎండుమిరపకాయల గింజలు పాత టబ్బులో చల్లితే ఒత్తుగా మొలిచాయి. బలంగా ఉన్న నాలుగు ఉంచి మిగతావి పీకెయ్యమంది అక్క. నాకు చేతులు రాలేదు. కడిగి దాచిన పాల కవర్లకు అడుగున కన్నాలు పొడిచి, పక్కన పెద్ద బిల్డింగు పునాదికి తవ్విపోసిన ఎర్రమన్ను నింపాను. చెంచా కాడతో ఒక్కో మొక్కనూ వేళ్లు తెగకుండా లేపి, ఆకు పట్టుకుని మెల్లగా దించాను. పురుగు పట్టకుండా బూడిదలో పసుపు కలిపి చల్లాను. మేడంతా పాల కవర్లే.

నారు నిలదొక్కుకుంటుండగా ఇంటి ఓనరమ్మ వచ్చింది. పైన కిరాయికి ఇంకో రూము వేస్తున్నారట, మర్నాడు పొద్దున్నే మేస్త్రీలు వస్తారట, మొక్కలన్నీ వాడకట్టులో పంచెయ్యమంది. మా గదిలో ఎండ పొడ పడదు. పంచకపోతే చచ్చిపోతాయి. పంచాలంటే తలుపులు తట్టాలి.

తట్టకుండా పంచే ఉపాయం తోచి మురిసిపోయాను. తెల్లవారకముందే లేచి, గుమ్మానికొక కవరు పెట్టేసి, పైకొచ్చి పిట్టగోడ వెనక కూర్చున్నాను.

ఎదురింటి డ్రైవరు భార్య వాకిలి ఊడవడానికి వచ్చింది. వచ్చినామె చీపురు వదిలేసి ఎగిరి వెనక్కి పడింది. మిరప, పసుపు, బూడిద. గుమ్మం ముందు ఆ మూడూ కలిస్తే ఏమనుకుంటారో అప్పుడు వెలిగింది నాకు.

ఎవరో మంత్రం చేసి పెట్టారని ఆమె పక్కింటామెను పిలిచింది. పక్కింటామె తన గుమ్మం చూసుకుని, ఆ వరసంతా చూసింది.

"నీ ఒక్కదానికేనా? వాడకట్టంతటికి పెట్టిన్రు. గింత మందికి చేసిన్రంటే ఎంత ఓపికనో వాళ్లకు."

ముట్టుకోకుండా కట్టెతో మోరీ కాలవలోకి నెట్టేద్దామని తీర్మానించుకున్నారు. కట్టె వచ్చింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, కవరుకూ కట్టెకూ మధ్య నిలబడ్డాను.

"అక్కా, మంత్రం కాదు, మిరపనారు. నేనే పెట్టాను."

ఆ తర్వాత ఆగలేదు. మా ఊరి మిరప కారం సంగతి, పసుపు ఎందుకు చల్లానో, నీళ్లు ఎంత పొయ్యాలో, రేపటిదాకా నీడలో ఎందుకుంచాలో, చివరికి పాల కవర్లు కడిగిన వైనం కూడా చెప్పేశాను. కట్టె పట్టుకునే విన్నారు. డ్రైవరు భార్య కవరు వంక చూసి, నా వంక చూసి, గడప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి లేచి, కవరును రెండు చేతులా ఎత్తుకుంది.

"ఇన్నొద్దుల సంది నిన్ను మూగపిల్లవనుకున్న గదనే. ఇగ దీన్ని ఏడ పెట్టాల్నో అది గూడ నువ్వే చెప్పు, లోపటికి రా."