పరకాలలో పెళ్లిగుర్రం, మా ఆయన టిఫిన్ డబ్బా

వేసవి సెలవుల్లో పరకాల తీసుకెళ్లి, తన పాత విద్యార్థి యాదగిరి దగ్గరున్న పొట్టి గుర్రం ఎక్కిస్తానని మా ఆయన మనవరాలికి మాట ఇచ్చారు. వేసవి వచ్చింది, ఆయన లేరు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల మేఘన ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. కానీ స్వారీకని తాత కొనిచ్చిన నీలం ప్యాంటును రోజూ మడతపెట్టి తలగడ పక్కన ఉంచుకునేది. సెలవులు ముగిసేలోపు నేనే బయలుదేరదీశాను.

హనుమకొండలో ఉదయం ఆరున్నరకు బస్సెక్కాం. ఎండ ముదరకముందే చేరాలంటే ఆ వేళే మేలు. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డులు చూపిస్తే ఇద్దరికీ జీరో టికెట్లే ఇచ్చారు. సుమారు గంట ప్రయాణం. పరకాల నుంచి ఊరి బయటి మామిడితోటకు ఆటోవాలా నూట యాభై అడిగాడు, వందకు ఒప్పించాను. చెట్టు కింద కూర్చుని, మా ఆయన బడికి తీసుకెళ్లే స్టీలు డబ్బాలోని పులిహోర ఖాళీ చేశాం.

యాదగిరి పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు నడుపుతాడు. అరగంట స్వారీకి మూడు వందలు. సార్ మనవరాలి దగ్గర పైసలేందని అతను వద్దంటున్నా చేతిలో పెట్టాను. గుర్రం పేరు రాణి. మేఘనను ఎక్కించగానే చెవులు వెనక్కి వాల్చి, తల విదిలించి, మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. కళ్లెం పట్టి లాగితే పాక వైపు తిరిగింది.

"నాయనమ్మా, దింపు! పడిపోతా!" మేఘన ఏడుపు అందుకుంది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, కింద పడెయ్యది. పెండ్లిళ్లకు బోయి బోయి నఖరాలు నేర్చింది. బ్యాండు లేంది అడుగు తియ్యది," అన్నాడు యాదగిరి.

"ముందే చెప్పొద్దా?" అని కసిరాను.

"బెల్లం వెడితె నడుస్తదనుకున్న అమ్మా. బెల్లం దిన్నది, నడుస్తలేదు."

పిల్లను దింపాం. ఇంటికి పోదామా అంటే తల అడ్డంగా ఊపింది. "తాత ఎక్కిస్తా అన్నడు గదా," అంది, ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకుంటూ. ఈ భయంతోనే తిరిగి వెళ్తే తాత మాట ఏడుపుతో ముగిసినట్టే. కాసేపటికి డబ్బా వైపు చూసింది. "నువ్వు డబ్బా కొట్టు నాయనమ్మా. నేనెక్కుతా."

నలుగురిలో చప్పట్లు కొట్టడం కూడా నాకు అలవాటు లేదు. అయినా యాదగిరి పిల్లను మళ్లీ ఎక్కించగానే డబ్బా బోర్లించి కొట్టాను. రాణి కదల్లేదు.

"గట్ల కాదు! తాత లెక్క."

అన్నం వడ్డించేదాకా మా ఆయన వేళ్లు ఆ డబ్బా మీద ఊరుకునేవి కావు. మెల్లగా మూడు దెబ్బలు, వెంటనే గబగబా రెండు. ఇదేమైనా హోటలా అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు వెతుక్కోకుండానే ఆ దెబ్బలు నా వేళ్లకు వచ్చేశాయి. రాణి చెవులు లేచాయి. ముందు కాలు ఎత్తి, తూగుతూ అడుగేసింది. జీను ఊగగానే మేఘన కెవ్వుమంది.

"జర మెల్లగ గొట్టుండ్రి అమ్మా! మీరు ఉరికిస్తే అది గూడ ఉరుకుతది!"

దెబ్బ నెమ్మదించాను. అడుగు నెమ్మదించింది. మేఘన నా చేతినే చూస్తూ ఊపిరి పీల్చుకుంది. తోట గేటు దగ్గరికి చేరేసరికి తానే, "ఇంక జోరుగ కొట్టు!" అంటోంది. నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాను, ఆయనకు చూపిద్దామని. అక్కడ మామిడిచెట్లు తప్ప ఎవరూ లేరు.

సెలవులు ముగిసి పిల్ల హైదరాబాద్ వెళ్లిపోయింది. అన్నం వేళ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. వడ్డించుకునే ముందు డబ్బా బోర్లించి, మెల్లగా మూడు, గబగబా రెండు కొడతాను. ఎవరూ విసుక్కోరు.

పిల్లలతో వెళ్లేవారికి ఒక మాట: ఎక్కించే ముందు ఆ గుర్రం రోజూ ఏ పని చేస్తుందో అడగండి. పెళ్లిగుర్రమైతే ఖాళీ డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి.