కుడి పక్క ముందు చక్రం

మా కారుకు వచ్చిన జబ్బు ఎక్కడుందో కనిపెట్టింది, అరిచి చెప్తే తప్ప ఏదీ వినిపించని మా నాయన.

కలమల్ల దగ్గరి థర్మల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు మోటార్లు బాగుచేసిన మనిషి. రిటైరయ్యాక వయసుతోపాటు చెవుడొచ్చింది. చెవి మిషను కొనిస్తే బీరువాలో పెట్టి తాళం వేశాడు. నేనేమో టీచర్ని. పగలంతా పిల్లల మీద అరిచి, ఇంటికొచ్చాక మళ్లీ ఆయన దగ్గర అరిచే ఓపిక నాకుండేది కాదు. ఏదన్నా అడిగితే ఏం లేదులే అన్నట్టు చేయి ఊపేసేదాన్ని. పోనుపోను ఆయన అడగడమే మానేశాడు. తప్పు నాదేనని తెలుసు. తెలిసీ ఆ నిశ్శబ్దానికి హాయిగా అలవాటుపడ్డాను.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు బడికి నేనే కారు నడుపుకుంటూ పోతాను. కొన్నాళ్లుగా వేగం పెంచితే చాలు, కింద నుంచి గుయ్యిమని మోత. టైర్లనుకుని ముందు రెండూ కొత్తవి వేయించాను. మోత మాత్రం నన్ను వదల్లేదు.

ఒక ఆదివారం నాయనను పులివెందులలో పెళ్లికి తీసుకుపోతున్నాను. పక్క సీట్లో ఉన్న మనిషి ఉన్నట్టుండి చెప్పులు విప్పేసి, వట్టికాళ్లు కింద ఆనించి, రెండు మూడు మలుపులు తిరిగేదాకా కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"కుడి పక్క ముందు చక్రం మ్మా. బేరింగు అరిగిపోయిండాది" అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఎడమకు తిప్పినప్పుడే కదా మోత ఎక్కువవుతోంది, పోయింది ఎడమదే అయ్యుంటుంది. ఆ మాటే గొంతు చించుకుని చెప్పాను, చెవిటివాడికి చక్రం సంగతేం తెలుసన్నట్టు. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. పెళ్లిలో కూడా ఎవరితోనూ మాట కలపలేదు.

మర్నాడు సాయంత్రం నేను మెకానిక్ దగ్గరికి బయలుదేరితే, నాయన పిలవకుండానే వచ్చి కారెక్కాడు. మెకానిక్ మా వీధి చివరి భాయి, కువైట్‌లో పదేళ్లు కార్లు బాగుచేసి వచ్చినవాడు. ఎడమ చక్రం విప్పమని హుకుం జారీ చేశాను. నా టీచరు గొంతుకు పెద్దవాళ్లూ ఎదురు చెప్పరు. భాయి ఎడమ పక్క జాకీ పెట్టాడు. అప్పుడు నాయన, పొడుగాటి స్క్రూడ్రైవరు ఇమ్మని చేయి చాపాడు.

నాకు భయమేసింది. ఆయన చెప్పింది గనక తప్పయితే ఈ మనిషి ఇంట్లో ఇక నోరే విప్పడు. అంతవరకు ఎడమదేనని వాదించిన నేను, కుడిదే పోయుండాలని లోపల్లోపల మొక్కుకున్నాను.

నాయన చక్రం వెనకున్న ఇనుముకు స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, చక్రం తిప్పమని సైగ చేశాడు. ప్లాంటులో మోటార్ల బేరింగులను ఇట్లాగే వినేవాళ్లట. చెవి పోయినా ఎముక పనిచేస్తోంది. కాసేపు విని అడ్డంగా తల ఊపాడు. జాకీ కుడి పక్కకు మార్చారు. ఈసారి పిడి ఆనించీ ఆనించగానే నవ్వాడు.

భాయి కూడా చక్రం పైనున్న స్ప్రింగు మీద చేయి వేసి, చక్రం తిప్పి అదురు చూశాడు. "మామ చెప్పిందే నిజం మేడం. ఎడమకు తిప్పితే బరువంతా కుడి చక్రం మీద పడ్తాది. అందుకే అప్పుడు ఎక్కువ అరుస్తాండాది."

ఓడిపోయినందుకు అంత సంతోషపడింది నా జన్మలో అదే మొదలు.

పాత బేరింగును ఒత్తే ప్రెస్సు మిషన్లో పెట్టి బయటికి తోశాక, భాయి దాన్ని నా చేతిలో పెట్టాడు. వేలితో తిప్పితే లోపల ఇసుక పోసినట్టు గరగరమంది. కొత్తది దించేటప్పుడు నాయన పక్కనే నిలబడి, బయటి అంచు మీదే ఒత్తాలని, నడిమి రింగు మీద ఒత్తితే కొత్తదీ పాడవుతుందని ఒకటే హెచ్చరికలు. భాయికి అది రోజూ చేసే పనే. అయినా ఇప్పుడే నేర్చుకుంటున్నట్టు "అట్లనే మామా" అంటూ పోయాడు. ఆ మనిషికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కారు ఎట్లా ఉందో చూద్దామని జమ్మలమడుగు రోడ్డెక్కించాను. మోత లేదు. నాయన మళ్లీ చెప్పులు విప్పి, కాళ్లు ఆనించి చూసి, ఇక మొదలుపెట్టాడు. ప్లాంటులో ఏ మోటారు ఎట్లా మొరాయించిందో, దాన్ని తానెట్లా దారికి తెచ్చాడో, జమ్మలమడుగు దాకా పోయి తిరిగొచ్చినా కథ తెగలేదు. తర్వాతేమైందని దారిపొడుగునా నేను అరుస్తూనే ఉన్నాను.

మర్నాడు బడిలో నాకు గొంతు పెగల్లేదు. జలుబు చేసిందా అని తోటి టీచర్లు అడిగారు. మా నాయనతో మాట్లాడానని బోర్డు మీద రాసి చూపించాను.