వంటింటి గుమ్మానికి రెండు నక్షత్రాలు

కెనడాలోని గాస్పే తీరంలో ప్రతి ఇంటికీ రెండు గుమ్మాలుంటాయి. ముందు గుమ్మం పెళ్లికూతురికీ, శవపేటికకీ. మిగతా లోకమంతా వంటింటి గుమ్మంలోంచే వస్తుంది, పోతుంది. ఒడెట్ సినాట్ నడిపే లాడ్జిలోనూ అంతే. క్యూబెక్ ప్రభుత్వం ఇచ్చిన రెండు నక్షత్రాల పలక ఆ మూసిన ముందు గుమ్మం పక్కన ఉప్పుగాలికి మసకబారుతూ ఉండేది. మా ఊళ్లో ఎవరూ దాన్ని చూసిన పాపాన పోలేదు.

ఆ వసంతంలో ఒడెట్‌కి మూడో నక్షత్రం కావలసివచ్చింది. యాత్రికులను తిప్పే బస్సు కంపెనీ ఒకటి, మూడు నక్షత్రాలుంటేనే వేసవంతా ఆమె దగ్గర దిగుతామంది. ఆ బస్సు రాకపోతే లాడ్జి మరో చలికాలం దాటదు. పెద్ద హాలు కడితే మూడోది రావచ్చు. హాలుకి చోటు ఒక్కటే ఉంది, వంటిల్లు. అందులో ఆమె భర్త బతికున్నప్పుడు పాత పడవ చెక్కలతో చేసిన పొడవాటి బల్ల ఉంది. దాని మీద చెయ్యి పెడితే ఇప్పటికీ అలల మీద పెట్టినట్టే ఉంటుంది.

మరిది గాస్తోన్ సమ్మెట భుజాన వేసుకుని వచ్చాడు.

"బల్ల బయటికి లాగెయ్యనా వదినా?"

"అట్లు తిన్నాక లాగుదువుగాని. ఖాళీ కడుపుతో నువ్వు గోడ కాదు కదా, గుడ్డు కూడా పగలగొట్టలేవు."

అప్పుడే ముందు గుమ్మం ఎవరో దబదబ బాదారు.

"అది తెరుచుకోదు! ఇటు తిరిగి రండి!" ఒడెట్ కిటికీలోంచి కేకేసింది.

మాంట్రియాల్ నుంచి వచ్చిన దంపతులు. తెస్సియే గారు ముందు, భార్య ఉగెట్ కుంటుతూ వెనక.

"ఫోన్లో మీకు ఐదు నక్షత్రాలున్నాయి మేడమ్. గోడ మీద రెండే. ఏది అబద్ధం?"

"రెండూ నిజమే బాబూ. గోడ మీదవి గదులూ దీపాలూ వసతులూ చూసి ప్రభుత్వం ఇచ్చింది. ఫోన్లోవి నా అట్లు తిన్నవాళ్లు ఇచ్చారు. కడుపు నిండినవాడు లిఫ్టు లేదని రాయడు కదా!"

"లిఫ్టు లేదా?"

"మెట్లున్నాయి, నిచ్చెనలాంటివి. స్నానాలగది ఇరుకు. సముద్రం తెల్లార్లూ మాట్లాడుతుంది, నోర్మూసుకోమంటే వినదు. ఇవన్నీ ఏ నక్షత్రమూ చెప్పదు. అడగాలి."

ఉగెట్ మోకాలు నిమురుకుంది. ఒడెట్ చూసింది.

"అమ్మా, నీ మోకాలికి మా మెట్లు పడవు. ఊరవతల హోటల్లో లిఫ్టుంది. నేనే ఫోన్ చేసి చెప్తా."

"వచ్చిన బేరాన్ని తోలేస్తావేంటి వదినా!" గాస్తోన్ నెత్తి కొట్టుకున్నాడు.

"వెళ్తాంలే. ముందు ఆ వాసనేంటో చెప్పండి," అంటూ ఉగెట్ బల్ల దగ్గర కూలబడింది.

బక్‌వీట్ అనే గింజల పిండితో పోసిన అట్లు, నల్లటి బెల్లంపాకం, నిన్నటి కాడ్ చేపల పులుసు. పొగమంచు కిటికీ అద్దం మీద వేళ్లతో ఏదో రాసి చెరిపేసుకుంటోంది. తెస్సియే గారు నక్షత్రాల సంగతి మరచిపోయి మరో అట్టు అడిగారు.

వెళ్తూ ఉగెట్ అంది: "రేపు పొద్దున్నా ఇక్కడికే వస్తాం. పడక అక్కడ, ఫలహారం ఇక్కడ."

ఒడెట్ చేతిలో గరిటె ఆగింది. కాసేపు ఆ బల్లవైపే చూసింది. తరవాత బస్సు కంపెనీకి ఫోన్ చేసింది.

"మీవాళ్లని ఎన్ని నక్షత్రాలున్నచోటైనా పడుకోబెట్టుకోండి. పొద్దున్నే మాత్రం నా బల్ల దగ్గరికి తీసుకురండి. ఒక్క బస్సు పంపి చూడండి. నచ్చకపోతే మానెయ్యండి."

అవతలివాళ్లు ఏమన్నారో గాస్తోన్‌కి వినపడలేదు. ఒడెట్ మాత్రం ఫోన్ పెట్టేసి నిటారుగా నిలబడింది.

"గాస్తోన్, సమ్మెట పక్కన పెట్టు. చిన్న సుత్తి తీసుకో."

అతను ముందు గుమ్మం దగ్గరున్న పలక ఊడదీసి, ఉప్పు తుడిచి, వంటింటి గుమ్మం పక్కన బిగించాడు. జూన్‌లో ప్రభుత్వం తరఫున తనిఖీకి వచ్చినాయన పలకని అక్కడ చూసి, "ఇది ముఖద్వారం దగ్గర కదా ఉండాలి?" అన్నాడు.

"మరి మీరు లోపలికి ఎటునుంచి వచ్చారు?" అంది ఒడెట్.

ఆయన రెండు నక్షత్రాలూ అలాగే ఉంచి, అట్టు తిని వెళ్లాడు. ఆయన వెళ్లిన దారినే, మలుపులో పొగమంచుని చీల్చుకుంటూ, మొదటి బస్సు వస్తోంది.